వర్చువల్ మెషీన్‌లో మౌస్ ఇరుక్కుపోతోంది, తెలుగు టైప్ కావట్లేదు: కీబోర్డ్, మౌస్ సెట్టింగులపై చర్చ

ఓరుగల్లు_బీటెక్
అందరికీ నమస్తే. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని, అంటే వర్చువల్ మెషీన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వేసుకుని అందులో ఉబుంటు 24.04 నడుపుతున్నాను. మెషీన్ నేను తయారుచేసింది కాదు. ల్యాబ్‌లో అందరికీ ఒక ఓవీఏ ఫైల్ (తయారైన మెషీన్ మొత్తం అందులోనే ఉంటుంది) ఇచ్చారు, దాన్నే ఇంపోర్ట్ చేశాను. ఉబుంటు విండోలో ఒక్కసారి క్లిక్ చేస్తే చాలు, మౌస్ లోపలే ఉండిపోతోంది, బయటికి రాదు. కుడి కంట్రోల్ నొక్కమని కింద రాసి ఉంది గానీ నా ల్యాప్‌టాప్‌కి కుడి కంట్రోల్ కీనే లేదు. ఇంకోటి, విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ పెట్టుకున్నా ఉబుంటులో మాత్రం ఇంగ్లిష్ అక్షరాలే పడుతున్నాయి. ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో ఒక భాగం తెలుగులో రాయాలి, వచ్చే వారమే ఇవ్వాలి. టెన్షన్‌గా ఉంది, కాస్త చెప్పండి.

సర్వర్_గది
ముందు బయటపడే దారి చెప్తాను తమ్ముడూ. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కు. ఆ కాంబినేషన్‌ని విండోస్ ఏ ప్రోగ్రామ్‌కీ వదలదు, తనే తీసుకుంటుంది. వచ్చిన తెరలో క్యాన్సిల్ కొడితే మౌస్ నీ చేతికి వస్తుంది.

తర్వాత వర్చువల్‌బాక్స్ మెయిన్ విండోలో ఫైల్, ప్రిఫరెన్సెస్, ఇన్‌పుట్‌కి వెళ్లి వర్చువల్ మెషీన్ ట్యాబ్ తెరువు. హోస్ట్ కీ కాంబినేషన్ అని ఉంటుంది. హోస్ట్ అంటే బయట ఉన్న నీ విండోస్, గెస్ట్ అంటే లోపలి ఉబుంటు. హోస్ట్ కీ అంటే మౌస్‌ని బయటికి వదిలించే కీ. అక్కడ క్లిక్ చేసి నీకు కావలసిన కీ నొక్కితే అదే హోస్ట్ కీ అయిపోతుంది. నేనైతే ఎఫ్12 పెడతాను. 2024 నుంచి వస్తున్న చాలా ల్యాప్‌టాప్‌లలో కుడి కంట్రోల్ ఉండాల్సిన చోట కోపైలట్ కీ ఉంటోంది కాబట్టి ఈ ప్రశ్న ఇక చాలామందికి వస్తుంది.

ఒక్క మాట. కుడి ఆల్ట్‌ని మాత్రం హోస్ట్ కీగా పెట్టకు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ (కీల మీద నేరుగా తెలుగు అక్షరాలు ఉండే అమరిక)లో రూపాయి గుర్తు లాంటివి ఆ కీతోనే వస్తాయి. ఎలాగూ తెలుగు టైప్ చేస్తానంటున్నావు కదా.

గోదారి_గట్టు
అన్న చెప్పింది బయటపడే దారి. అసలు మౌస్ ఎందుకు ఇరుక్కుంటోందో చూడాలి, లేకపోతే రోజంతా ఎఫ్12 నొక్కుతూ కూర్చోవాలి.

వర్చువల్ మెషీన్‌కి మౌస్ సంగతి రెండు రకాలుగా చేరుతుంది. పాత పద్ధతి పీఎస్/2 మౌస్. 1987లో ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతో తెచ్చిన పోర్ట్ అది. మామూలు పీఎస్/2 మౌస్ ప్రతి కదలికకీ మూడు బైట్లు పంపుతుంది. మొదటి బైట్‌లో ఏ బటన్ నొక్కారు, కదలిక ఎటువైపు అన్న వివరాలు. మిగతా రెండిట్లో అడ్డంగా ఎంత కదిలింది, నిలువుగా ఎంత కదిలింది అన్నవి. అంతే. తెరమీద పాయింటర్ ఎక్కడుందో ఆ మౌస్‌కి తెలియదు. దారి అడిగినవాడికి "ఇంకో నాలుగడుగులు వెయ్యి" అని చెప్పడం లాంటిది ఇది, డోర్ నంబర్ ఎవరి దగ్గరా లేదు.

ఇప్పుడు ఆలోచించండి. విండోస్ పాయింటర్ ఒక చోట, ఉబుంటు పాయింటర్ ఇంకో చోట ఉన్నాయి. కదలిక మాత్రమే పంపితే రెండూ ఎప్పటికీ కలవవు. పైగా రెండు ఓఎస్‌లూ ఎవరి యాక్సిలరేషన్ వాళ్లు కలుపుకుంటాయి. అందుకే వర్చువల్‌బాక్స్ హోస్ట్ పాయింటర్‌ని దాచేసి, మౌస్ మొత్తాన్ని లోపలికి అప్పగిస్తుంది. మీకు ఇరుక్కుపోయినట్టు అనిపించేది అదే.

రెండో పద్ధతి యూఎస్‌బీ టాబ్లెట్. బొమ్మలు గీసుకునే టాబ్లెట్‌లా అది నేరుగా స్థానం చెప్తుంది. క్యూఎము అనే ఇంకో వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్‌లో అయితే తెర వెడల్పు ఎంతైనా సరే, దాన్ని 0 నుంచి 32767 వరకు ఉండే కొలతలోకి మార్చి పంపుతారు. గెస్ట్ దాన్ని తన తెరకి సరిపోయేలా లెక్క వేసుకుంటుంది. స్థానం తెలిసింది కాబట్టి పట్టి ఉంచాల్సిన పనే లేదు. విండో అంచు దాటగానే పాయింటర్ హాయిగా బయటికి వచ్చేస్తుంది.

మెషీన్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, మదర్‌బోర్డ్, పాయింటింగ్ డివైస్ దగ్గర ఏముందో చూసి చెప్పండి. ఆ వరస కనపడకపోతే సెట్టింగ్స్ విండోని ఎక్స్‌పర్ట్ మోడ్‌కి మార్చండి.

ఓరుగల్లు_బీటెక్
పీఎస్/2 మౌస్ అని ఉందండి! కానీ మార్చనివ్వట్లేదు, మసకగా కనిపిస్తోంది.

గోదారి_గట్టు
మెషీన్ నడుస్తున్నప్పుడు మార్చనివ్వదు. సేవ్ స్టేట్‌లో ఉన్నా మార్చనివ్వదు. ఉబుంటుని పూర్తిగా షట్ డౌన్ చేసి అప్పుడు యూఎస్‌బీ టాబ్లెట్ ఎంచుకోండి. పనిలో పనిగా యూఎస్‌బీ కంట్రోలర్ ఆన్‌లో ఉందో లేదో చూడండి, అది లేకపోతే టాబ్లెట్ పనిచేయదు. పాత వర్చువల్‌బాక్స్‌లో యూఎస్‌బీ 2, 3 కావాలంటే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ వేయాల్సి వచ్చేది. 7.0 నుంచి అవి మామూలు ఇన్‌స్టాలేషన్‌లోనే వస్తున్నాయి.

ఓరుగల్లు_బీటెక్
అయ్యింది అయ్యింది. మౌస్ లోపలికీ బయటికీ మామూలుగా తిరుగుతోంది. గెస్ట్ అడిషన్స్ (ఉబుంటు లోపల వేసే వర్చువల్‌బాక్స్ డ్రైవర్లు) కూడా వేయలేదు. మా క్లాస్ గ్రూప్‌లో పెడతాను, అందరికీ ఇదే బాధ.

మైక్రో_కర్నూల్
మౌస్ బాగుపడింది కదా అని గెస్ట్ అడిషన్స్ వదిలేయకండి. విండో సైజ్ మార్చితే తెర కూడా మారడానికి, కాపీ పేస్ట్‌కి అవి కావాలి. డివైసెస్ మెనూలో ఇన్సర్ట్ గెస్ట్ అడిషన్స్ సీడీ ఇమేజ్ నొక్కి, లోపల ఇన్‌స్టాల్ చేసుకోండి.

సర్వర్_గది
ఉబుంటు గెస్ట్ అయితే సీడీ కంటే ఉబుంటు సొంత ప్యాకేజీలే మేలని నా అభిప్రాయం. సీడీ నుంచి వేస్తే మాడ్యూల్ (కెర్నల్‌కి, అంటే ఉబుంటు మూల ప్రోగ్రామ్‌కి, అతికే డ్రైవర్) అక్కడికక్కడ కంపైల్ అవుతుంది. దానికి కెర్నల్ హెడర్స్, కంపైలర్ ఉండాలి. కెర్నల్ అప్‌డేట్ తర్వాత అది మళ్లీ కంపైల్ కాకపోతే ఓ రోజు పొద్దున్నే తెర చిన్నదైపోయి కనిపిస్తుంది. గెస్ట్ మాడ్యూల్ లినక్స్ కెర్నల్‌లోనే 4.16 వెర్షన్ నుంచి, అంటే 2018 నుంచి ఉంది. పైన కావలసిన గెస్ట్ యుటిల్స్, గెస్ట్ ఎక్స్11 ప్యాకేజీలు ఆప్ట్ (ఉబుంటులో ప్యాకేజీలు వేసే కమాండ్)తో వచ్చేస్తాయి.

మైక్రో_కర్నూల్
ప్యాకేజీ వెర్షన్ పాతది ఉంటుంది కదా అన్నా. హోస్ట్‌లో కొత్త వర్చువల్‌బాక్స్, లోపల పాత అడిషన్స్ అయితే డ్రాగ్ అండ్ డ్రాప్ లాంటివి సరిగా పనిచేయవు. నేను సీడీయే వాడతాను.

సర్వర్_గది
డ్రాగ్ అండ్ డ్రాప్ కావాలంటే నీ దారే సరి. నాకది అవసరం పడదు. ఫైళ్లు షేర్డ్ ఫోల్డర్‌లో పెడతాను.

ల్యాబ్_మాష్టారు
ఇక తెలుగు సంగతి. మా ల్యాబ్‌లో పిల్లలకి వర్చువల్ మెషీన్లలోనే తెలుగు టైపింగ్ నేర్పిస్తాను. ఏటా ఇదే ప్రశ్న వస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు కీ నొక్కినప్పుడు వర్చువల్ మెషీన్‌లోకి అక్షరం వెళ్లదు. కీ ఉన్న చోటుకి ఒక నంబర్ ఉంటుంది, దాన్ని స్కాన్‌కోడ్ అంటారు. ఆ నంబరే వెళ్తుంది. ఇంగ్లిష్‌లో కె అని రాసి ఉన్న కీ తీసుకుందాం. నొక్కగానే 37 వెళ్తుంది. వదలగానే 128 కలిపి 165 వెళ్తుంది. అది నొక్కడం, ఇది వదలడం. గెస్ట్‌కి తెలిసేది ఈ రెండు నంబర్లే. 37 అంటే ఇంగ్లిష్ కె అనుకోవాలా, ఇన్‌స్క్రిప్ట్‌లో ఉన్న క అనుకోవాలా అన్నది పూర్తిగా గెస్ట్ తన లేఅవుట్ చూసుకుని తేల్చుకుంటుంది.

అందుకే బాబూ, మీ విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ ఎంత బాగా పనిచేసినా ఉబుంటుకి దాని సంగతే తెలియదు. ఫొనెటిక్ అనేది విండోస్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్. మీరు కొట్టిన ఇంగ్లిష్ అక్షరాలు పోగుచేసి తెలుగు తయారుచేసి ఇస్తుంది. ఆ తయారైన తెలుగుకి స్కాన్‌కోడ్ అంటూ ఏమీ లేదు, లోపలికి పంపడానికి.

చేయాల్సింది: ఉబుంటు లోపల సెట్టింగ్స్, కీబోర్డ్, ఇన్‌పుట్ సోర్సెస్‌లో తెలుగు చేర్చండి. ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవాళ్లకి ఉబుంటులో మొదటి నుంచి ఉన్న తెలుగు లేఅవుట్ సరిపోతుంది. అందులో డి కీ పొల్లు. కె, డి, కె వరసగా కొడితే క్క వస్తుంది. రాకపోతే లేఅవుట్ ఇంకా మారలేదని అర్థం, పిల్లల చేత మొదట కొట్టించేది అదే. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో రాసే అలవాటు ఉంటే ఐబస్ ఎం17ఎన్ ప్యాకేజీ వేయండి. ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ పద్ధతులు అందులో ఉంటాయి. వేశాక ఒకసారి లాగౌట్ అయి లాగిన్ అవ్వండి, అప్పుడే జాబితాలో కనిపిస్తాయి. భాష మార్చడానికి విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కాలి.

హోస్ట్‌లో మాత్రం ఇంగ్లిష్ పెట్టుకునే ఉబుంటు విండోలోకి వెళ్లండి. రెండు చోట్లా మార్పిడి ప్రోగ్రామ్ నడుస్తుంటే మధ్యలో కీలు మింగేస్తుంది.

ఓరుగల్లు_బీటెక్
సార్, విండోస్ కీ, స్పేస్ నొక్కితే విండోస్‌లోనే భాష మారుతోంది.

ల్యాబ్_మాష్టారు
వర్చువల్‌బాక్స్ ఇన్‌పుట్ ప్రిఫరెన్సెస్‌లో ఆటో క్యాప్చర్ కీబోర్డ్ టిక్ తీసేసి ఉంటుంది. పెట్టండి. ఉబుంటు విండోలో క్లిక్ చేశాక నొక్కి చూడండి. అప్పటికీ రాకపోతే ఉబుంటులోనే షార్ట్‌కట్ వేరేది పెట్టుకోండి.

సర్వర్_గది
మాష్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. క్యాప్చర్ ఆన్‌లో ఉన్నా విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కితే మీ ల్యాప్‌టాపే లాక్ అవుతుంది, గెస్ట్ కాదు. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కూడా అంతే. అవి పంపాలంటే ఒక్కో సాఫ్ట్‌వేర్‌కి ఒక్కో దారి ఉంది. వర్చువల్‌బాక్స్‌లో హోస్ట్ కీ, డిలీట్. వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌లో కంట్రోల్, ఆల్ట్, ఇన్సర్ట్. హైపర్-వీలోనూ, రిమోట్ డెస్క్‌టాప్‌లోనూ కంట్రోల్, ఆల్ట్, ఎండ్. విర్ట్-మేనేజర్‌లో సెండ్ కీ మెనూ ఉంది.

అక్షరాల_కొట్టు
డీటీపీ పని చేసుకునేవాడిని. నేను లినక్స్‌కి మారిపోయాను గానీ పెళ్లి కార్డుల పార్టీలు, కరపత్రాలవాళ్లు ఇంకా పాత అను ఫాంట్ల ఫైళ్లే తెస్తారు. అందుకని విండోస్ గెస్ట్ ఒకటి పెట్టుకుని అందులో అను స్క్రిప్ట్ మేనేజర్ నడుపుతున్నాను. అందులోని ఆపిల్ లేఅవుట్‌కి చేతివేళ్లు అలవాటు పడిపోయాయి, ఇంకోటి నేర్చుకోలేను. మాష్టారూ, లోపల బ్రహ్మాండంగా టైప్ అవుతోంది. కాకపోతే అక్కడ కాపీ చేసి లినక్స్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి. ఇది కూడా కీబోర్డ్ సెట్టింగేనా?

ల్యాబ్_మాష్టారు
కాదండీ, కీబోర్డ్‌కీ దీనికీ సంబంధం లేదు. పాత అను ఫాంట్లలో తెలుగు అక్షరం బొమ్మ మాత్రమే. దాని వెనుక ఉన్న కోడ్ ఇంగ్లిష్ గుర్తులదే. ఫాంట్ తీసేస్తే ఆ గుర్తులు బయటపడతాయి. క్లిప్‌బోర్డ్ మోసుకెళ్లేది కోడ్‌నే. అను నుంచి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేసి, ఆ తర్వాత బయటికి తెచ్చుకోండి. ఒత్తులూ, అరుదైన సంయుక్తాక్షరాలూ ఒకసారి కళ్లతో చూసుకోవాలి. ముఖ్యంగా పేర్లు, పెళ్లి కార్డు కదా.

సర్వర్_గది
ఇదంతా ఎదురుగా ఉన్న ల్యాప్‌టాప్ కథ. దూరంగా ఉన్న సర్వర్‌లో వర్చువల్ మెషీన్ ఉంటే రెండు కొత్త తలనొప్పులు వస్తాయి.

మొదటిది అక్షరం పదేపదే పడటం. ఒక ఎల్ కొడితే ఐదు ఎల్‌లు వస్తాయి. మాష్టారు చెప్పిన 37, 165 గుర్తుంచుకోండి. నెట్ నెమ్మదిగా ఉండి నొక్కిన కబురు చేరింది, వదిలిన కబురు దారిలో ఆగింది అనుకోండి. గెస్ట్ దృష్టిలో మీరు కీ నొక్కి పట్టుకునే ఉన్నారు. పట్టుకుంటే రిపీట్ చేయడం దాని పని, చేస్తుంది. అదే రూట్ పాస్‌వర్డ్ దగ్గర జరిగితే చుక్కలు కూడా కనిపించవు. గెస్ట్‌లో కీ రిపీట్ ఆపేయడమో, ఆలస్యం పెంచడమో చేయాలి. వీఎంవేర్‌లో అయితే మెషీన్ కాన్ఫిగరేషన్ ఫైల్‌లో టైప్‌మాటిక్ మినిమమ్ డిలే అనే విలువని 2000000 మైక్రోసెకన్లు, అంటే 2 సెకన్లు, పెట్టడం అందరికీ తెలిసిన మందు.

రెండోది వీఎన్‌సీ, అంటే దూరంగా ఉన్న మెషీన్ తెరని నెట్ మీద చూపించే పద్ధతి. అది స్కాన్‌కోడ్ బదులు అక్షరం పేరు పంపుతుంది. అటువైపు క్యూఎము ఆ అక్షరాన్ని మళ్లీ కీ నంబర్‌గా మార్చాలి. మీ హోస్ట్‌లో ఇన్‌స్క్రిప్ట్ ఆన్‌లో ఉంటే "క" అని పంపుతుంది. ఇంగ్లిష్ కీమ్యాప్ (ఏ అక్షరం ఏ కీదో చెప్పే పట్టిక)లో క ఎక్కడుంది? లేదు. కీ గాలికి పోతుంది. ఈ బాధ తప్పించడానికే క్యూఎము వాళ్లు అసలు కీ నంబర్ కూడా పంపే ఎక్స్‌టెన్షన్ ఒకటి వీఎన్‌సీకి చేర్చారు. రెండువైపులా అది ఉంటే సర్వర్‌లో కీమ్యాప్ ఏదీ బలవంతంగా పెట్టకుండా వదిలేయండి. చాలామంది మంచిదనుకుని కీమ్యాప్ పెట్టి కొత్త చిక్కు తెచ్చుకుంటారు.

విశాఖ_బీచ్‌రోడ్
పాస్‌వర్డ్ అన్నారు కాబట్టి చెప్తున్నా. లాగిన్ కాకపోతే ముందు యూజర్ నేమ్ పెట్టెలో పాస్‌వర్డ్ కొట్టి చూడండి, పక్కన ఎవరూ లేనప్పుడు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఇంగ్లిష్ యూకే లేఅవుట్ ఎంచుకుంటే షిఫ్ట్ 2 నొక్కినప్పుడు ఎట్ గుర్తు బదులు డబుల్ కోట్ పడుతుంది. మన ల్యాప్‌టాప్‌ల మీద అచ్చయి ఉండేది యూఎస్ లేఅవుట్. పాస్‌వర్డ్‌లో ఎట్ గుర్తు పెట్టనివాళ్లు ఎవరుంటారు? మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి పాస్‌వర్డ్ సరైనదే కొడుతూ, మెషీన్ చెడిపోయిందని మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికి సిద్ధపడింది.

గేమ్_గురు
గోదారి_గట్టు గారు యూఎస్‌బీ టాబ్లెట్‌ని మెచ్చుకున్నారు, ఆఫీస్ పనికి నిజమే. గేముల్లో మాత్రం అది పనికిరాదు. షూటింగ్ గేమ్ మౌస్ ఎంత కదిలిందని అడుగుతుంది, ఎక్కడుందని కాదు. టాబ్లెట్ స్థానం చెప్తుంది. దాంతో కొంచెం తిప్పగానే కెమెరా గిర్రున తిరిగి ఆకాశంలోకో నేలలోకో చూస్తుంది. వర్చువల్‌బాక్స్‌లో ఇన్‌పుట్ మెనూలోని మౌస్ ఇంటిగ్రేషన్ ఆపేస్తే పాత పద్ధతికి వస్తుంది, మౌస్ లోపల ఇరుక్కుంటుంది. గేమ్‌కి అదే కావాలి.

నేను కేవీఎం (లినక్స్‌లో క్యూఎముతో కలిసి నడిచే వర్చువల్ మెషీన్ వ్యవస్థ)లో గ్రాఫిక్స్ కార్డ్‌ని విండోస్ గెస్ట్‌కి ఇచ్చేశాను. కీబోర్డ్, మౌస్‌ని ఈవీడెవ్ (లినక్స్‌లో కీబోర్డ్, మౌస్ కబుర్లని నేరుగా చదివే) పద్ధతిలో నేరుగా క్యూఎముకి అప్పగించాను. ఎడమ కంట్రోల్, కుడి కంట్రోల్ రెండూ ఒకేసారి నొక్కితే రెండూ లోపలికి, మళ్లీ నొక్కితే బయటికి. మధ్యలో విండో లేదు, డెస్క్‌టాప్ లేదు, ఆలస్యం తెలియదు. డివైస్ పేరు ఇచ్చేటప్పుడు ఈవెంట్ నంబర్ ఇవ్వకండి, రీబూట్ చేస్తే ఆ నంబర్ మారొచ్చు. బై-ఐడీ ఫోల్డర్‌లో ఉన్న పేరే ఇవ్వండి.

ఓరుగల్లు_బీటెక్
అన్నా, కుడి కంట్రోల్ లేనివాళ్ల సంగతి? :)

గేమ్_గురు
టోగుల్ కీ మార్చుకునే ఆప్షన్ క్యూఎములో ఉంది తమ్ముడూ. స్క్రోల్ లాక్, రెండు షిఫ్ట్‌లు లాంటివి పెట్టుకోవచ్చు. రెండు షిఫ్ట్‌లు నీ ల్యాప్‌టాప్‌కి కూడా ఉంటాయి.

డల్లాస్_నుంచి
మ్యాక్ వాడేవాళ్లకి రెండు ముక్కలు. వర్చువల్‌బాక్స్‌లో హోస్ట్ కీ ఎడమ కమాండ్. యూటీఎం (మ్యాక్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే ఇంకో యాప్)లో పట్టిన మౌస్‌ని వదిలించడానికి కంట్రోల్, ఆప్షన్ కలిపి నొక్కాలి. వేళ్లకి కమాండ్, సీ అలవాటై ఉంటే విండోస్ గెస్ట్‌లో కాపీ బదులు స్టార్ట్ మెనూ తెరుచుకుంటుంది. అలాంటి యాప్‌లే అయిన ప్యారలల్స్, ఫ్యూజన్ రెండిట్లోనూ కీ మ్యాపింగ్ ఉంది, ఒక్కసారి కూర్చుని సరిచేసుకోండి. అమ్మకి వీడియో కాల్‌లో ఇది చెప్పి చేయించాను, ఆవిడ ఇప్పుడు విండోస్‌లో చిట్టా లెక్కలు హాయిగా చేసుకుంటోంది.

మైక్రో_కర్నూల్
యూఎస్‌బీ టాబ్లెట్ సీపీయూ తింటుందని ఎక్కడో చదివాను. ప్రాక్స్‌మాక్స్ (సర్వర్ మీద వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్)లో తీసేయమంటారు. నిజమేనా?

సర్వర్_గది
సగం నిజం. యూఎస్‌బీలో డివైస్ తనంతట తాను కబురు పంపదు, కంట్రోలర్ పదేపదే అడుగుతూ ఉండాలి. పాత యూహెచ్‌సీఐ కంట్రోలర్ మీద టాబ్లెట్ ఉంటే ఖాళీగా ఉన్న గెస్ట్ కూడా మాటిమాటికీ నిద్ర లేస్తుంది. ఒక సర్వర్‌లో పదుల కొద్దీ గెస్ట్‌లు, అన్నీ నల్ల తెర కన్సోల్‌వే అయితే తీసేయడంలో అర్థం ఉంది. ప్రాక్స్‌మాక్స్ డాక్యుమెంటేషన్ కూడా అలాంటి సందర్భానికే చెప్తుంది. ఒక డెస్క్‌టాప్ గెస్ట్ నడిపేవాళ్లు తీసేస్తే మిగిలేది ఏమీ లేదు, మౌస్ మళ్లీ తప్పిపోతుంది. కొత్త లినక్స్ గెస్ట్ అయితే విర్టయో టాబ్లెట్ (వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన పరికరం) పెట్టు. అది యూఎస్‌బీ కాదు, అడిగే గొడవే లేదు. కెర్నల్ 4.1 నుంచి ఉంది.

ఓరుగల్లు_బీటెక్
తెలుగు వస్తోంది సార్, ఆర్‌టీఎస్‌తో రాస్తున్నాను. ఒకటే మిగిలింది. అప్పుడప్పుడూ ఉబుంటులో ఏ అక్షరం కొట్టినా మెనూలు తెరుచుకుంటున్నాయి, అక్షరం పడదు. రీస్టార్ట్ చేస్తే పోతోంది.

గోదారి_గట్టు
ఆల్ట్ ట్యాబ్‌తో విండోస్‌లోకి వచ్చేస్తున్నారా? ఆల్ట్ నొక్కింది ఉబుంటు విన్నది. ఈలోగా విండో మారిపోయి, వదిలిన కబురు విండోస్‌కి పోయింది. ఉబుంటు లెక్కలో ఆల్ట్ ఇంకా నొక్కే ఉంది. రీస్టార్ట్ అక్కర్లేదు. ఉబుంటు విండోలో క్లిక్ చేసి ఎడమ ఆల్ట్ ఒకసారి నొక్కి వదలండి, కంట్రోల్, షిఫ్ట్, విండోస్ కీ కూడా అలాగే. బయటికి రావాలనుకున్నప్పుడు ముందు ఎఫ్12 నొక్కి, తర్వాత ఆల్ట్ ట్యాబ్ కొడితే మళ్లీ రాదు.

ఓరుగల్లు_బీటెక్
ఎడమ ఆల్ట్ ఒక్కసారికే వదిలింది. రిపోర్ట్ సగం అయ్యింది, సోమవారం ఇచ్చేస్తాను. పీఎస్/2 మౌస్ సెట్టింగ్ సంగతి ల్యాబ్‌లో కూడా చెప్పాను, వచ్చే బ్యాచ్‌కి ఓవీఏ మార్చి ఇస్తామన్నారు.